ఎర్రసిరా వైద్యం

జాన్ బ్రెరిటన్ కూర్చిన ఒక సంపుటం పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుండి 1995లో వెలువడింది. 1875 నుండి 1925 వరకు అమెరికా కళాశాలల్లో రచనాబోధన ఒక శాఖగా ఎలా ఏర్పడిందో తెలిపే మూలపత్రాలు అందులో ఉన్నాయి. సంఘాల నివేదికలు, ప్రశ్నపత్రాలు, పాఠ్యప్రణాళికలు. నిద్ర తెప్పించవలసిన సరంజామాయే, కాని నాకు నిద్ర పట్టనివ్వలేదు.

"ఈ కాలపు పిల్లలకు నాలుగు వాక్యాలు రాయడం రాదు" అని మన సభల్లో వాపోయే పెద్దలు దీనిని తప్పక చదవాలి. హార్వర్డ్ తన ప్రవేశపరీక్షలో ఆంగ్లవ్యాసం పెట్టింది 1874లో. దానికి కూర్చున్నవారు లాటిన్, గ్రీకు చదివి వచ్చిన సంపన్నుల బిడ్డలు. వారిలోనే ఎందరో తప్పారు. అప్పటికి టెలివిజన్ లేదు, సెల్‌ఫోన్ లేదు. మరి నింద ఎవరిపై పడింది? కింది బడులపై. 1892 నుండి 1897 వరకు ఒక పర్యవేక్షక సంఘం వరుసగా నివేదికలు రాసింది. సభ్యుల్లో ఒకరు పత్రికా సంపాదకుడు గాడ్కిన్, మరొకరు యూనియన్ పసిఫిక్ రైల్వేకు అధ్యక్షత వహించిన చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్. తరగతి గదిలో వ్యాసాలు దిద్దడం వీరి వృత్తి కాదు. అయినా తీర్పు వీరిదే: రచన నేర్పడం కళాశాల పని కాదు, బడులు వదిలేసిన మురికిని కడగడమే.

నా వివాదమంతా ఈ తీర్పుతోనే. రచనను ఒక లోపంగా చూసిననాడే, దానిని నేర్పేవారు పాకీపనివారయ్యారు. 1885లో 'ఇంగ్లీష్ ఏ' మొదటి సంవత్సరం వారందరికీ నిర్బంధమయింది. బారెట్ వెండెల్ రోజుకొక పుట రాయించాడు. రాయించడం సులువే, ఆ గుట్టలు చదివేదెవరు? 1912లో 'ఇంగ్లీష్ జర్నల్' తొలి సంచికలో ఎడ్విన్ హాప్కిన్స్ అడిగిన ప్రశ్న అదే: ఇప్పుడున్న పరిస్థితుల్లో రచన బాగా నేర్పగలమా? కాదనే ఆయన జవాబు. నేటికీ ఈ దేశంలో ఆ తరగతులను మోస్తున్నది ఎక్కువగా చాలీచాలని జీతాల తాత్కాలిక అధ్యాపకులే.

తప్పులు దిద్దితే రచన వస్తుందన్న నమ్మకం ఎంత బోలుదో ఆసుపత్రిలో నిత్యం చూస్తున్నాను. నాలుగు పుటల డిశ్చార్జి సమ్మరీ, వ్యాకరణదోషం ఒక్కటీ ఉండదు. రోగి ఎందుకు వచ్చాడో మాత్రం అందులో దొరకదు. ఎవరి కోసం రాస్తున్నామన్న ప్రశ్న ఆ వైద్యుణ్ణి ఎన్నడూ ఎవరూ అడగలేదు. మన వైపు వైద్యవిద్య చదివిన నన్నూ అడగలేదు లెండి.

వేరే దారి లేకపోలేదు. మిషిగన్‌లో ఫ్రెడ్ న్యూటన్ స్కాట్, ఆయన శిష్యురాలు గెర్ట్రూడ్ బక్, రచనను మనుషుల మధ్య జరిగే వ్యవహారంగా చూశారు. వారి మాట ఓడిపోయింది. చాలాకాలం తరువాత, న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1970లో తలుపులు బార్లా తెరిచినప్పుడు, మీనా షానెసీ కొత్తగా వచ్చిన పిల్లల వ్యాసాలు దాదాపు 4,000 చదివి, వారి తప్పులకూ ఒక తర్కముందని 1977లో తన గ్రంథంలో చూపింది. ఎర్రసిరా పట్టేముందు రోగిని పలకరించడమంటే ఇదీ.

హార్వర్డ్ పద్ధతిపై వచ్చిన విమర్శలకు బ్రెరిటన్ ప్రత్యేకంగా చోటిచ్చాడు. తీరిక లేనివారు ముందుగా ఆ భాగం తెరవండి.