డాక్టర్ల పాఠానికి డబ్బు ఎవరిది?

డాక్టరు చదువు ఎం.బి.బి.ఎస్. పట్టాతో ముగిసిపోదు. కొత్త మందులు వస్తుంటాయి, పాత వైద్యం తప్పని తేలుతుంటుంది. అందుకే ప్రతి డాక్టరూ అయిదేళ్లలో కనీసం 30 గంటలు కొత్త పాఠాలు వినాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. దీన్ని నిరంతర వైద్యవిద్య అంటారు. డాక్టర్ల నోట సి.ఎం.ఇ. మన డాక్టరుగారు ఆదివారం క్లినిక్కు మూసి పట్నం వెళ్లారంటే, దానికే కావచ్చు.

ఆ పాఠాలు ఎవరు రాస్తారు? వేదికమీద మాట్లాడిన పెద్ద డాక్టరేనని అందరూ అనుకుంటారు. అమెరికాలో యిదొక పెద్ద పరిశ్రమ. పాఠాలు తయారుచేసే సంస్థలు వేరు, వాటికి పనికింత చొప్పున రాసిపెట్టే రచయితలు వేరు. యింట్లో కూర్చుని ఆ కూలిపని కొంతకాలం నేనూ చేశాను.

పని మొదలయ్యేది పాఠంతో కాదు, అర్జీతో. ఫలానా జబ్బు విషయంలో డాక్టర్లకు తెలియనిదేమిటో పరిశోధనల ఆధారంతో ఒక పత్రం రాయాలి. దాన్ని జతచేసి సంస్థవారు తరచు మందుల కంపెనీనే గ్రాంటు అడుగుతారు. డబ్బు వస్తేనే పాఠం, పరీక్ష ప్రశ్నలు, చివర ఫలితాల నివేదిక. రాకపోతే ఆ పత్రం బుట్టదాఖలు.

నిబంధనలు లేకపోలేదు. అక్కడ 1981లో ఏర్పడిన గుర్తింపు మండలి, పాఠంలో కంపెనీ వేలు పెట్టరాదని శాసించింది. నా మటుకు నాకు ఫలానా మందును పొగడమని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమేమిటి? ఖరీదైన కొత్త మందున్న జబ్బుకు గ్రాంటు దొరుకుతుంది. రచయిత కూలి ఎక్కడుంటే అక్కడికే పోతాడు.

మరి పాముకాటు సంగతి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. కట్లపాము కరిస్తే వాపు వుండకపోవచ్చు, నొప్పీ తెలియకపోవచ్చు. నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు, కనురెప్పలు వాలిపోతాయి. అది అజీర్తి కాదని పట్టుకోగల డాక్టరు కావాలి. రక్తపింజర కాటుకయితే శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త నెత్తురు పోసి, 20 నిముషాలు కదపకుండా వుంచి, గడ్డకట్టిందో లేదో చూడాలి. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే లెక్క. యీ పాఠంవల్ల గాజు గొట్టం తప్ప మరేం అమ్ముడుపోతుంది? పురుగుమందు తాగినవారి వైద్యానికీ యిదే గతి.

మన దేశంలో 2024 మార్చిలో వచ్చిన నియమావళి, కంపెనీలు విదేశాలలో యిటువంటి సభలు జరపరాదన్నది. జరిపిన వాటి ఖర్చు వెల్లడించాలన్నది. మంచిదే. కాని జరగని పాఠం లెక్క ఎవరు వెల్లడిస్తారు?

వైద్య మండళ్లు డాక్టర్ల దగ్గర వసూలుచేసే ఫీజులోనుంచి కొంత తీసి, కంపెనీలు ముట్టని జబ్బులకు కేటాయించాలి. ప్రతి పాఠం మొదట డబ్బిచ్చిందెవరో, రాసిందెవరో కూడా చెప్పాలి. మన జిల్లాలో తొలకరికి ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లందరికీ పాముకాటు మీద ఒకపూట పాఠం పెట్టించవలసిందిగా జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. కావలసింది ఒక హాలు, ఒక మైకు, డజను గాజు గొట్టాలు. రాతకూలి నేను అడగను.