రాజుల వంశం సరే, ముందు ముత్తాత పేరు చెప్పండి



ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఏ కులం గ్రూపులో చూసినా ఒకటే పోస్టు. మనది ఫలానా రాజుల వంశం, మన పూర్వీకులు ఫలానా కోటకి సేనాపతులు అని. కింద జై కొట్టే కామెంట్లు బారులు తీరి ఉంటాయి. బానే ఉంది. ఆ జై కొట్టినవాళ్లలో ఒకణ్ణి ఆపి అడగండి. "నీ ముత్తాత పేరేంటయ్యా? మీ నాయనమ్మ పుట్టినూరేది? మీ పొలం మీ తాతకి ఎట్లా వచ్చింది, కొన్నాడా, పంపకంలో వచ్చిందా?" చాలామందికి నోరు పెగలదు. ఏడొందల ఏళ్ల కిందటి రాజు తెలుసు గానీ డెబ్బై ఏళ్ల కిందటి తాత తెలియదు.

కోపం వచ్చినా సరే, చెప్తున్నా. ఆ రాజులు మన పొలానికి గట్టు కూడా వెయ్యరు. తాత పేరున్న పాత కాయితమే రేపు పొలాన్ని కాపాడేది.

చుక్కల భూముల సంగతే తీసుకోండి. బ్రిటిషు కాలంలో రీసెటిల్‌మెంట్ చేసినప్పుడు ప్రతి సర్వే నంబరుకి పట్టాదారు పేరు ఆర్.ఎస్.ఆర్‌లో రాశారు. దాన్నే డైగ్లాట్ అంటాం. కొన్ని నంబర్ల దగ్గర పేరు రాయాల్సినచోట చుక్కలు పెట్టి వదిలేశారు. ఎప్పటి చుక్కలో అవి! వాటి వల్ల మన కాలంలో ఎంతమంది పొలాలు 22ఎ నిషేధిత జాబితాలోకి వెళ్లాయో మీకు తెలుసు. అమ్ముకోలేరు, బ్యాంకులో పెట్టుకోలేరు. 2017లో దీని కోసం చట్టమే తెచ్చారు. పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉన్నట్టు కాయితాలు చూపించాలన్నారు. అప్పుడు కదా ఇళ్లల్లో ట్రంకు పెట్టెలు వెతకడం మొదలైంది! శిస్తు రసీదు భద్రంగా దాచుకున్నవాడికి పని తేలికైంది. పాత కాయితాలని భోగి మంటలో వేసినవాడు దళారి గుమ్మం తొక్కాడు.

అందుకే, వంశం వెతకడం గొప్పలకి పోయే పని కాదు, వ్యవసాయం లాంటి పనే. ఎక్కడ వెతకాలో నాకు తెలిసినంతలో చెప్తా.

మొదటిది రిజిస్ట్రారు ఆఫీసు. పాత దస్తావేజు చేతికొస్తే సర్వే నంబరు ఒక్కటే చూసి మడతపెట్టకండి. అందులో ఫలానావారి కుమారుడు, వృత్తి, ఊరు, ఎందుకు అమ్ముతున్నాడు, ఎవరికి బాకీ తీర్చడానికి అని అంతా ఉంటుంది. హద్దులు చదవండి. తూర్పున ఫలానావారి చేను, దక్షిణాన ఫలానావారి దొడ్డి అని రాస్తారు. మీ తాత దస్తావేజు పోయినా, పక్క పొలం వాళ్ల దస్తావేజులో హద్దుగా మీ తాత పేరు ఉండొచ్చు. కాబట్టి గట్టు తగాదాలు పక్కనపెట్టి పక్క చేనాయన్ని ఒక్కసారి ఆ కాయితం చూపించమని అడగండి.

రెండోది చావుపుట్టుకల రిజిస్టరు. ఇప్పుడున్న చట్టం 1969ది. అంతకుముందు మద్రాసు రాష్ట్రంలో 1899 నాటి చట్టం ఉండేది. ఊళ్లో మునసబు రాసేవాడు. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయింది. ఆ లెక్కలన్నీ చేతులు మారాయి. మీ ఊరివి ఇప్పుడు ఏ ఆఫీసులో, ఏ బీరువాలో ఉన్నాయో కనుక్కోండి. తెలంగాణలో ఉన్న మన బంధువులకైతే సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణి. ఉర్దూ చదవగలిగిన పెద్దాయన ఊళ్లో ఉంటే ఆయన ఉండగానే చదివించుకోండి.

మూడోది పాత పేపర్లు. ఇక్కడ చాలామంది నవ్వుతారు. "మనవాళ్లు వేలిముద్రగాళ్లు, పేపర్లో వాళ్ల పేర్లెందుకు ఉంటాయి" అంటారు. ఈ మాటే నాకు ఒళ్లు మండిస్తుంది. మనల్ని మనమే తక్కువ చేసుకోవడం ఇది. 1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పన్నులు కట్టం అని నిలబడింది ఎవరు? రైతులే. అప్పుడు మునసబు, కరణాలు ఉద్యోగాలకి రాజీనామాలు ఇచ్చారు, సర్కారు జప్తులకి దిగింది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి పోయినవాళ్లలో పల్లెటూరివాళ్లు లేరా? అప్పటికి కృష్ణా పత్రిక ఉంది, ఆంధ్రపత్రిక ఉంది. హైదరాబాదు సంస్థానంలో గోలకొండ పత్రిక 1926 నుంచి ఉంది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, చందాలిచ్చినవాళ్ల జాబితాలు, కోర్టు నోటీసులు, వేలం ప్రకటనలు పేపర్లకి ఎక్కేవి. వేలం ప్రకటనలో తాత పేరు కనపడితే సిగ్గుపడక్కర్లేదు. మన పొలం ఎందుకు పోయిందో అదే చెప్తుంది.

వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం 1918 నుంచి ఉంది. పాత పత్రికలకి పేరున్న చోటు. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. చీరాల సంతకి పోయే మనం మాత్రం దాని గడప తొక్కం.

ఇంకో సంగతి చెప్తా, ఆలోచించండి. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీల్ని ఎక్కించుకుని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి పోయింది. తర్వాత ఓడల మీద ఓడలు. మన తెలుగువాళ్లు కూడా పోయారు. ఆ కూలీల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా ఓడ జాబితాల్లో రాశారు. వాళ్లేమీ మనుషులని గౌరవించి రాయలేదు, సరుకు లెక్క రాసినట్టు రాశారు. అయినా ఆ లెక్క పట్టుకుని వాళ్ల ముని మనవలు ఇవాళ మన జిల్లాల్లో తాతల ఊళ్లు వెతుక్కుంటున్నారు. సముద్రం దాటినవాడికి దొరికిన ఊరు, ఊళ్లోనే ఉన్న మనకి దొరకదా?

ఇప్పుడు అసలు మాట. మనం రాసుకునే వంశవృక్షాల్లో ఆడవాళ్లేరి? తాత, తండ్రి, కొడుకు, మనవడు. మధ్యలో వీళ్లని కన్నవాళ్లు ఎవరు? పేరు తెలియక రాయలేదని కొందరంటారు. తెలిసీ రాయనివాళ్లే ఎక్కువ. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టేటప్పుడు చెల్లెలి పేరు ఎందుకు జారిపోతుందో మనందరికీ తెలుసు. మన రాష్ట్రంలో 1985 నుంచీ, దేశమంతా 2005 నుంచీ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉందని చట్టం చెప్తోంది. పేరు దాస్తే హక్కు పోదు, తగాదా పెరుగుతుంది, అంతే. పాత దస్తావేజులే మనకన్నా నయం. పసుపు కుంకుమ కింద కూతురికిచ్చిన చెక్క, భర్త పోయాక మైనరు కొడుకు తరఫున తల్లి వేసిన వేలిముద్ర, అన్నీ వాటిలో ఉంటాయి.

పట్టా లేని ఇళ్ల సంగతేంటి అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కౌలుకి చేసినవాళ్లు, పాలేర్లుగా బతికినవాళ్లు ఆర్.ఎస్.ఆర్‌లో ఉండరు. వాళ్ల కోసం చావుపుట్టుకల రిజిస్టరు, బడి అడ్మిషన్ రిజిస్టరు, పాత ఓటర్ల జాబితా, డి.పట్టా ఫైళ్లు చూడాలి. ఊరి చరిత్ర అంటే పొలమున్నవాళ్ల చరిత్ర ఒక్కటే కాదు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. రీసర్వే అని రాళ్లు పాతారు, డ్రోన్లు ఎగరేశారు. మంచిదే. మరి చెదలు తింటున్న పాత రిజిస్టర్లని స్కాన్ చేసి, రైతు ఊళ్లోనే ఉచితంగా చూసుకునేట్టు ఎందుకు పెట్టరు? నకలు కోసం పది సార్లు తిప్పుతారు, చివరికి "రికార్డు లభ్యం కాలేదు" అని రాసిస్తారు. ఆ మాట నోటితో చెప్తే ఒప్పుకోకండి, రాతలో అడగండి. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మన దగ్గర గ్రామ స్థాయిలో అర్జీకి రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. టీ ఖర్చు కూడా కాదు.

చివరిగా ఒక్క పని చేయండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ వారమే పక్కన కూర్చుని రాసుకోండి. తారీకులు అడగొద్దు, ఆమెకి గుర్తుండవు. దివిసీమ ఉప్పెనకి ముందా తర్వాతా అనడగండి. 1977 నవంబరు అని మీరే లెక్క కట్టుకోవచ్చు. అమ్మమ్మ పుట్టిల్లు, నాయనమ్మ తోబుట్టువులు, చిన్నప్పుడే పోయిన పిల్లలు, అందరి పేర్లూ రాయండి. రిజిస్టరుకి నకలుంటుంది, ఆమెకి లేదు.

రాజులకి జై కొట్టడం ఆ తర్వాత చూద్దాం.