పురుటి భారము ఎవరిది?

ప్రసవము స్త్రీకి పునర్జన్మమని తెలుగునాట పెద్దలు చెప్పుదురు. తొలి కానుపు పుట్టినింట జరుగుట మన ఆచారము. కాయము, పథ్యము, విశ్రాంతి బాలింతరాలికి అవసరమనియు, ఆ భారమును ఆమె ఒంటరిగా మోయజాలదనియు ఆ ఆచారము అంగీకరించినది. కాని వేతనమునకు పనిచేయు స్త్రీ విషయములో పుట్టినింటివారితో తీరని ప్రశ్న ఒకటి మిగులుచున్నది. ఆమె పనికి రాలేని దినములకు జీతము ఎవరు ఇయ్యవలెను?

2025 నవంబరు 21న సాంఘిక భద్రతా కోడు అమలులోనికి వచ్చుటతో ఈ ప్రశ్న మరల ఆలోచింపదగినదైనది. 1961 నాటి ప్రసూతి సౌకర్యముల చట్టము ఆ కోడులో లీనమైనది. అయినను ముఖ్యమైన హక్కులు 2017 సవరణ ఇచ్చినవే. కర్మాగారములు, గనులు, తోటలతోపాటు పదిమంది లేక అంతకు మించి పనివారున్న ఇతర సంస్థలకు కూడ ఇవి వర్తించును. ప్రసవమునకు ముందటి పండ్రెండు మాసములలో కనీసము 80 దినములు పనిచేసిన స్త్రీకి 26 వారములు వేతనముతో సెలవు లభించును. ఇప్పటికే ఇద్దరు బిడ్డలున్నచో అది 12 వారములు మాత్రమే. సెలవు కాలమున ఆమెను పనినుండి తొలగించరాదు. 50 మంది ఉన్నచోట శిశుసంరక్షణశాల ఉండవలెను.

ఒప్పందముపై పనిచేయు ఉపాధ్యాయినులు గమనింపదగిన విషయము మరియొకటి కలదు. దినవేతనముపై పనిచేయు స్త్రీలకు కూడ ఈ హక్కు కలదని ఢిల్లీ నగరపాలక సంస్థ వ్యాజ్యములో 2000లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఒప్పందపు గడువు మధ్యలో ముగిసినను ప్రసూతి సౌకర్యము ఆగరాదని 2023లో తీర్పు చెప్పెను.

హక్కు ఉదారమైనదే. దాని వ్యయమును పంచిన తీరులోనే లోపమున్నది. 26 వారముల వేతనమును యజమానియే చెల్లించవలెను. పెద్ద సంస్థకు ఇది లెక్కలోనికి రాదు. పదిపండ్రెండుమంది పనిచేయు చిన్న సంస్థకు ఇది బరువే. అట్టిచోట యజమాని క్రొత్తగా పెండ్లియైన యువతిని పనిలోనికి తీసికొనుటకే వెనుకాడవచ్చును. అట్లు వెనుకాడినవాడు కారణమును పైకి చెప్పడు గనుక ఆమెకు జరిగిన అన్యాయమునకు సాక్ష్యముండదు. రక్షణకొరకు పుట్టిన చట్టము ఈ విధముగా తలుపు మూయుటకు సాకు కాగలదు.

ఈ చిక్కును పూర్వులు ఎరుగకపోలేదు. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభ, ప్రసూతి భృతిని ప్రభుత్వ ధనమునుండియో, బీమానుండియో ఇయ్యవలెనని తీర్మానించెను. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యముల బిల్లును సమర్థించుచు డాక్టరు అంబేద్కరు, తల్లికి విశ్రాంతి జాతి శ్రేయస్సునకు సంబంధించినదనియు, కావున భారములో ప్రధాన భాగమును ప్రభుత్వము వహింపవలెననియు వాదించెను. స్త్రీల పనివలన లాభము పొందు యజమానియు కొంత భరింపవలెనని ఆయన అభిప్రాయము.

దీనికి మార్గము మన దేశములోనే ఉన్నది. 1948 చట్టముతో ఏర్పడిన ఉద్యోగుల రాజ్య బీమా పథకము, వాడుకలో ఈఎస్‌ఐ, ఈ భృతిని ఉమ్మడి నిధినుండి చెల్లించును. 2019లో నిర్ణయించిన రేటు ప్రకారము వేతనములో యజమాని 3.25 శాతము, కార్మికుడు 0.75 శాతము ఈ నిధికి చెల్లింతురు. పురుషులను పెట్టుకొన్నను, స్త్రీలను పెట్టుకొన్నను యజమాని చెల్లింపు మారదు. కావున స్త్రీని నిరాకరించుటవలన అతనికి మిగులునది లేదు. అయితే ఈ పథకము నిర్ణీత వేతన పరిమితికి లోబడినవారికే వర్తించుచున్నది.

నాట్లు వేయు కూలి స్త్రీ ఈ రెండింటికిని వెలుపలనే ఉన్నది. ప్రభుత్వోద్యోగము లేని ప్రతి గర్భిణికిని 6,000 రూపాయలకు తక్కువ కాని సాయము ఇయ్యవలెనని 2013 నాటి ఆహార భద్రతా చట్టము చెప్పుచున్నది. 2017లో ఆరంభమైన ప్రధానమంత్రి మాతృవందన పథకము తొలి బిడ్డకు 5,000 రూపాయలు నిర్ణయించెను. ఆ మొత్తమును 26 వారములకు పంచి చూచినచో దినమునకు 28 రూపాయలైనను కాదు. ఎండలో నడుము వంచి పనిచేయు తల్లికి దొరకునది ఇంత మాత్రమే.

తండ్రి సంగతియు విస్మరింపరాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 15 దినముల పితృత్వ సెలవు కలదు; ప్రైవేటు ఉద్యోగులకు అట్టి హక్కును కోడు ఇయ్యలేదు. బిడ్డ పెంపకము తల్లి పని మాత్రమేయని చట్టము భావించినంత కాలము, సెలవు కోరునది స్త్రీ ఒక్కతెయే అన్న అభిప్రాయము యజమానులలో తొలగదు. స్వీడన్ 1974లోనే ఈ సెలవును తల్లిదండ్రులిరువురును పంచుకొనునట్లు చేసి, భృతిని సాంఘిక బీమానుండి చెల్లించెను.

కావున సెలవు వారములను పెంచుటతో పని తీరదు. యజమానులు, ఉద్యోగులు, ప్రభుత్వము కలిసి నింపు ఉమ్మడి నిధి ఏర్పడి, అది కూలి తల్లిని కూడ చేరవలెను. నేడు పుట్టిన బిడ్డ ఐదేండ్లకు బడికి వచ్చును. ఇరువదియేండ్లకు దేశమునకు పనివాడగును, పౌరుడగును. ఆ బిడ్డవలన కలుగు లాభము అందరిదైనపుడు పురుటి భారము ఒక్కరిది కారాదు.