చెరుకు రసంలో కైనెటిక్స్

కైనెటిక్స్ అంటే ఏంటని మన క్లాస్‌లో అడిగి చూడండి. ఫిజిక్స్ గుర్తున్నవాళ్ళు బలాలు, చలనం అంటారు. కెమిస్ట్రీ గుర్తున్నవాళ్ళు చర్యారేటు అంటారు. ఒకే పేరుతో రెండు చాప్టర్లు అన్నట్టు చదివేస్తాం. నాకైతే అవి రెండు కావు.

గ్రీకులో కినేసిస్ అంటే కదలిక. సినిమా అన్న మాటకూ వేరు అదే. బండి ఎలా కదిలిందో మాత్రమే చెబితే కైనమాటిక్స్. ఏ బలం వల్ల అలా కదిలిందో చెబితే కైనెటిక్స్. కెమిస్ట్రీలో కదిలేవి అణువులు. అవి తగినంత శక్తితో గుద్దుకుంటేనే చర్య జరిగేది. ఎంత తరచుగా అలా గుద్దుకుంటే అంత వేగం.

మా ఐరాల వైపు బెల్లం వండేచోట ఇది కళ్ళముందే ఉంటుంది. నరికిన చెరుకును ఎక్కువ రోజులు ఎండలో ఉంచకూడదు. గడలోని ఎంజైమ్ వల్ల సుక్రోజ్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విరిగిపోతూ ఉంటుంది. అది ఎక్కువైతే బెల్లం సరిగ్గా గట్టిపడదు, తొందరగా చెమ్మ పడుతుంది. రసంలో సున్నం వేసేది మడ్డి తీయడానికే కాదు, పులుపు తగ్గి ఆ విరుగుడు నెమ్మదించడానికి కూడా.

సుక్రోజ్ విరుగుతుందా అంటే థర్మోడైనమిక్స్ అవునంటుంది, అంతే. ఉత్త నీళ్ళలో మామూలు వేడికి అయితే ఏళ్ళకేళ్ళు పడుతుంది. గడలో అయితే రోజులే. లారీ రెండు రోజులు లేటయితే నష్టపోయే రైతుకు కావాల్సింది ఈ రెండో లెక్క.

ఇంకో విషయం తెలిసి నాకు భలే అనిపించింది. చర్యావేగాన్ని మొదట లెక్కగట్టింది కూడా చెరుకు చక్కెర మీదే! 1850లో జర్మనీలో విల్హెల్మీ చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి, అది ధ్రువిత కాంతిని ఎంత తిప్పుతోందో చూస్తూ పోయాడు. మిగిలిన చక్కెరను బట్టే వేగం ఉంటుందని తేల్చాడు. వేడికీ వేగానికీ ఉన్న సంబంధం మీద 1889లో అరేనియస్ రాసిన పేపర్ కూడా ఈ చర్య గురించే. మనకు మాత్రం అది సూడో ఫస్ట్ ఆర్డర్‌కు ఒక ఉదాహరణ, రెండు మార్కులు.

తెలుగు మీడియం పుస్తకాల్లో కైనెటిక్స్‌ని గతిశాస్త్రం అంటారు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఆ మాటే దగ్గరగా ఉంది. గతి అంటే నడక, ఏమవుతుందో అది కూడా. ల్యాబ్‌లో ఈ చాప్టర్‌ని సీసాలో చక్కెరతో కాకుండా చెరుకు రసంతో మొదలుపెట్టాలని నా వాదన. సంక్రాంతి సెలవులకు ఊరెళ్తే రసం నేను తెస్తా. పీహెచ్ పేపర్లు మీరు పట్టుకురండి.