మందారానికి నీళ్లు లేవట!

మా నల్గొండ, పాలమూరు వైపు పెద్దమనుషుల నోట ఒక మాట స్థిరపడిపోయింది. "తాగడానికే నీళ్లు లేని కరువు జిల్లాలు మావి. ఇక్కడ పూలమొక్కలేమిటండీ!" అని. వినడానికి ఎంతో బాధ్యతగా ఉంటుంది. అన్నవారి ఇంటికెళ్లి చూడండి. వాకిలంతా గచ్చు, పెరడంతా గచ్చు. గోడవార చిటికెడు మట్టి కనపడితే ఒట్టు. పొద్దున లేస్తూనే పైపు పెట్టి ఆ గచ్చంతా కడుగుతారు. కడిగిన నీళ్లు గేటు కిందనుంచి మోరీలోకి పోతాయి. మందారానికి మాత్రం నీళ్లు లేవట!

నీళ్ల కష్టం అబద్ధమని నేననడం లేదు. అనేవాణ్ణి మర్రిగూడ పంపించి, ఫ్లోరైడుతో నడుము వంగిపోయిన మనుషుల్ని చూపించాలి. నాగపూర్ నీరి సంస్థ వారు పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెడితే దానికి 'నల్గొండ టెక్నిక్' అని మా ఊరి పేరే పెట్టారు. అంత కీర్తి మాది! కృష్ణ మా రెండు జిల్లాల అంచునా పారుతుంటే చూస్తూ కూచున్నవాళ్లం. కాని ఆ బాధ నిజంగా పడ్డవాళ్లు నీళ్లు పారబోయరండీ. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, బట్టలు ఆఖరుసారి జాడించిన నీళ్లు – ఇవి చాలు ఒక మందారానికి. సబ్బుపొడి నురగ నీళ్లు మాత్రం పొయ్యకండి. మా ఇంట్లో ఎండాకాలంలో రోజు విడిచి రోజు ఒక బకెట్ పోస్తాం. ఆ బకెట్ కోసం బోరు వేసింది లేదు.

నీళ్ల సంగతి తేలాక నేల మీద పడతారు. "ఈ సౌడు భూముల మందారం యాడ బతుకుతది సారూ?" అని మా పక్కింటాయన. ఆయన పొలంలో పత్తి వేస్తాడు. గట్టున బెండ. ఇంట్లో వారానికి రెండుసార్లు పుంటికూర పప్పు. పుంటికూర మందారానికి సొంత చెల్లెలు. పత్తీ బెండా అదే వంశం. చుట్టాలందరికీ అన్నం పెట్టిన చల్క నేల ఈ ఒక్కదాన్ని ఎందుకు వెళ్లగొడుతుంది? చెట్టు చావడానికి కారణం వేరే ఉంది. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు పెళ్లలు, సున్నపు రాళ్లు గోతిలో కప్పెట్టి, వాటిమీద మొక్క నాటుతారు. సున్నం ఎక్కువైతే వేరుకి ఇనుము అందదు. లేతాకు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులమీద చల్లండి. పత్తి పొలంనుంచి పిండినల్లి వస్తే, పట్టిన కొమ్మ కత్తిరించి కాల్చెయ్యండి. కత్తిరించినందుకు చెట్టు ఏడవదు, కొత్త చిగురుకే కదా అది పూసేది.

ఇంతకీ మా పక్కింటాయన రోజూ తెల్లవారుజామున అయిదింటికి ప్లాస్టిక్ సంచీతో మా గోడ దగ్గరికి వస్తాడు. వాళ్ల దేవుడికి ఎర్ర మందారమే కావాలట. మొగ్గలు కూడా వదలడు. చెట్టుని దేశం గొడ్డుపోయిందని తిట్టేదీ ఆయనే, కోసుకుపోయేదీ ఆయనే.

మావాళ్లకి చెట్టంటే ప్రేమ లేదనడానికీ వీల్లేదు. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రికి చెదలు పడితే, 2018లో సెలైన్ సీసాల్లో మందు పోసి చుక్కచుక్కగా ఎక్కించారు. దేశమంతా వింతగా చెప్పుకుంది. నాకూ సంతోషమే. అయితే ఏడువందల ఏళ్ల చెట్టుకు సెలైన్ కట్టిన చేతులే ఇంట్లో జానెడు మట్టిని సిమెంటుతో మూస్తుంటే ఏమనాలి?

మందారం పోతే పోయింది, పువ్వే కదా అంటారా? లెక్క వెయ్యండి. పాత పాలమూరు జిల్లాలో ఏడాది వాన సుమారు 600 మిల్లీమీటర్లు. 120 గజాల వాకిలంటే దాదాపు 100 చదరపు మీటర్లు. దానిమీద పడే నీళ్లు అక్షరాలా 60,000 లీటర్లు. గచ్చు వేస్తే చాలావరకు మోరీ పాలే. ఆపైన బోరు ఎండిందని ఇంకో వంద అడుగులు దింపించడం!

మేస్త్రీని పిలవండి. గోడవార రెండడుగుల చదరం గచ్చు పగలగొట్టించండి. పెళ్లలు బయట పారేసి, ఎర్రమట్టి, పశువుల పేడ ఎరువు నింపండి. కొమ్మ కొనక్కర్లేదు. మృగశిర కార్తె దాటి రెండు వానలు పడ్డాక మా ఇంటికి రండి. పెన్సిలు లావున, జానెడు పొడవున రేక మందారం ముక్కలు కోసిపెడతాను. పక్కింటాయనకి కూడా ఒకటి దాచి ఉంచాను.