మూత్రంలో ఏమీ లేదన్నారు

బిలాస్‌పూర్ రైల్వేలో తెలుగువాళ్ల కథ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటిది. ఇప్పుడు ఉస్లాపూర్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్లకు కూడా అమ్మానాన్నల కబురంటే శ్రీకాకుళం వైపు నుంచి రావలసిందే. ‘మూత్రపరీక్ష చేయించాం, ఏమీ లేదన్నారు’ అని ఫోనులో వింటే వాళ్లకు ధైర్యం వస్తుందేమో, నాకు రాదు. ఊరు ఉద్దానం ప్రాంతంలోదైతే అసలే రాదు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరీ జీడీ పండే ఆ నేలలో కిడ్నీ జబ్బు తీరే వేరు. షుగరు వల్ల వచ్చే జబ్బులో వడపోసే భాగం ముందు చెడుతుంది. ప్రోటీను మూత్రంలోకి జారుతుంది, నురగ పడుతుంది. ఉద్దానంలో మచ్చ పడేది ఎక్కువగా ఆ దిగువనున్న సన్నటి నాళాల చుట్టూ. ప్రోటీను పోయినా కొద్దిగానే. బీపీ కూడా చాలాకాలం మామూలుగానే ఉంటుంది. మనిషి తోటకు వెళ్తూనే ఉంటాడు.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు. దెబ్బ తగిలిన చోటును మాన్పడానికి కొలాజెన్ చేరుతుంది. దెబ్బలు ఆగకపోతే అదీ ఆగదు, పేరుకుని గట్టిపడి చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలను నలిపేస్తుంది. పోయిన నెఫ్రాన్ మళ్లీ పుట్టదు. ట్రాక్ గ్యాంగులో సగంమంది రాకపోతే వచ్చినవాళ్లే మొత్తం పని లాగుతారు, కొన్నాళ్లకు వాళ్లకీ నడుం పడుతుంది. మిగిలిన నెఫ్రాన్ల గతి అదే. అందుకే మొదటి కారణం తొలగినా జబ్బు ముదురుతూ పోతుంది.

రక్తంలో క్రియాటినిన్ చూస్తే చాలంటారు. చాలదు. 1.2 ఉన్న పాతికేళ్ల కుర్రాడికి వడపోత లెక్క, అంటే ఈజీఎఫ్ఆర్, 86 దాకా వస్తుంది. అదే 1.2 అరవయ్యేళ్ల ఆడమనిషికి వస్తే 52. అంకె ఒకటే, ఆమెది మూడో దశ. రిపోర్టులో ఆ లెక్క వేసి లేకపోతే అడిగి వేయించుకోవాలి.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఊళ్లకు హిరమండలం నుంచి తాగునీళ్లు తెచ్చారు. మంచిదే. నాయకులు డయాలసిస్ యంత్రాల లెక్క చెప్పినంత హుషారుగా, ఇంటింటికీ తిరిగి చేసిన క్రియాటినిన్ పరీక్షల లెక్క చెప్పరు. యంత్రానికి రిబ్బను కట్టొచ్చు కదా! ఛత్తీస్‌గఢ్‌లోనూ ఒక ఉద్దానం ఉంది: గరియాబంద్ జిల్లా సుపేబేడా. అక్కడా పరీక్షల లెక్క కంటే ముందు బయటికొచ్చింది చావుల లెక్కే.

ఎండలో పని, చాలని నీళ్లు, పురుగుమందులు, నేలలోని సిలికా అంటూ అనుమానాల జాబితా పెద్దదే, తీర్పు ఇంకా రాలేదు. అది వచ్చేలోగా మన చేతిలో ఉన్నది, కిడ్నీకి చేటుచేసే ఒళ్లునొప్పుల బిళ్లను ఆపడం. మందులషాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసుకోవడం ఆపించండి. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మ పాత రిపోర్టులు వెతికి తీసి, కొత్త పరీక్ష చేయించి పక్కన పెట్టండి. మూడు నెలల ఎడంతో రెండుసార్లు ఈజీఎఫ్ఆర్ 60 కిందే ఉంటే, నీరసమనీ వయసనీ సర్దిచెప్పుకోకుండా కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.