స్లాత్‌ను సోమరి అనొద్దు

మన క్లాసులో నెమ్మదిగా చదివేవాళ్ళను "స్లాత్" అని వెక్కిరిస్తున్నారు. ఇంగ్లీషులో ఆ మాటకు సోమరితనం అని అర్థం. నాకిది నచ్చలేదు.

మూడువేళ్ళ స్లాత్ మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద ఉంటది. ఆకులే తింటది. ఆకుల్లో శక్తి తక్కువ, అరగటానికి చాలా రోజులు పడుతుంది. అందుకే ఉన్న శక్తిని పొదుపుగా వాడుకుంటది. సోమరితనం ఎక్కడుంది? ఒంటి వెంట్రుకల్లో నాచు పెరిగి పచ్చగా ఉంటది, కదలకపోతే గద్దకు కనపడటం కష్టం. మన మెడలో 7 ఎముకలు, జిరాఫీకీ 7, దీనికి సాధారణంగా 9. వారానికి ఒక్కసారే దొడ్డికి కిందికి దిగుతది (నవ్వకండి). రెండువేళ్ళ స్లాత్ వేరే కుటుంబం. వెనక కాళ్ళకు దానికీ మూడేసి వేళ్ళే, తేడా ముందుకాళ్ళలోనే.

1758లో లిన్నేయస్ దీని ప్రజాతికి బ్రాడిపస్ అని పేరు పెట్టారు, నెమ్మది కాళ్ళది అని. అది ఉన్న మాటే. కాని 1791లో షా అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త మన ఎలుగుబంటిని కూడా బ్రాడిపస్‌లోనే రాశారు! పొడుగు గోళ్ళు చూసి మోసపోయారు. మా ఊర్లో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు, అది పుట్టలు తవ్వి చెదలు తింటది, ఇప్పపూలకు వస్తది, మనకన్నా జోరుగా ఉరుకుతది అని. తర్వాత దిద్దారు గాని ఇంగ్లీషులో దాన్ని ఇప్పటికీ "స్లాత్ బేర్" అనే అంటారు. ఒకసారి పెట్టిన పేరు పోదు.

నేనూ నెమ్మదిగానే చదువుతాను. మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదలు. వార్డెన్ మేడం గారూ, రాత్రి స్టడీ అవర్ తర్వాత ఇంకో అరగంట లైటు ఉంచండి.